బత్తాయి రైతుతో ఫ్రాన్స్ ద్రాక్షసీమకు: నార్బోన్ నుంచి బాన్యుల్స్ దాకా ఎట్లా తిరగాలి

ఫ్రాన్స్ వైన్ అనగానే చాలామందికి బోర్డో గుర్తొస్తుంది, ఇంకొంచెం తెలిసినవాళ్ళు బర్గండీ అంటారు. నేను చెప్పబోయేది ఆ రెండింటి గురించీ కాదు. దేశానికి దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున, నీమ్ దగ్గర మొదలై స్పెయిన్ సరిహద్దు దాకా పోయే లాంగ్దోక్, రూసియోన్ ప్రాంతాల గురించి. మేం ముగ్గురం పోయాం: నేను, నా భార్య, మా నాయిన. నాయినకు 68 ఏండ్లు, నల్లగొండ జిల్లా గుర్రంపోడు వైపు ఆరెకరాల బత్తాయి తోట, అంతకుముందు ఆయన చేసిన దూర ప్రయాణం అంటే కాశీ ఒక్కటే. వైన్ రుచి ఆయనకు తెలియదు, కానీ చెట్టును చూస్తే దానికి ఏం తక్కువైందో చెప్పగలడు.

మీ ఇంట్లో కూడా వ్యవసాయం చేసిన పెద్దవాళ్ళు ఉంటే ఫ్రాన్స్‌లో ఈ ప్రాంతానికే తీసుకుపొమ్మంటా. నేల మన నేల లాగే ఉంటుంది. రాళ్ళ గుట్టలు, తక్కువ వాన, మండే ఎండ, నీళ్ళ కోసం ఎదురుచూపు. రాజుల కోటల్లాంటి ఎస్టేట్లు తక్కువ, చిన్న రైతులు, సహకార సంఘాలు ఎక్కువ. పైగా చూడాల్సిన ఊళ్ళు దాదాపు అన్నీ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి: నీమ్, మోంపెలియే, సెట్, అగ్ద్, బెజియే, నార్బోన్, పెర్పిన్యాన్, కొలియూర్, పోర్ వాంద్ర్, బాన్యుల్స్, ఇదే వరస. కారు లేకుండానే తిరగొచ్చు. పారిస్, స్విస్, రోమ్ అన్నీ కలిపిన ప్యాకేజీలో దీన్ని ఒక్క పూటగా ఇరికించకండి, దీనికే ఏడు రాత్రులు పెట్టండి.

వీసా దగ్గర రైతు కుటుంబాలకు వచ్చే చిక్కు

షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా కావాలి, హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ సెంటర్‌లోనే దరఖాస్తు ఇవ్వొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందన్నా ఇవ్వాలి, కానీ ఆ 15 రోజుల మీద ఆశ పెట్టుకోకండి, రెండు మూడు నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టుకోండి. పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, దాని మీద సెంటర్ వాళ్ళ చార్జీ వేరే. పాస్‌పోర్ట్ పదేళ్ళ లోపు జారీ అయినదై ఉండాలి, షెంగెన్ దేశాలు వదిలిన తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

ఉద్యోగం చేసేవాళ్ళకు పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు ఉంటాయి, ఇబ్బంది లేదు. అసలు టెన్షన్ నాయిన కాగితాల దగ్గర వచ్చింది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆయన జీవితంలో రిటర్ను వేయలేదు. మేం పెట్టినవి ఇవి: పట్టాదారు పాస్‌బుక్, దాని ఇంగ్లీషు అనువాదం, బ్యాంకు స్టేట్‌మెంట్, బత్తాయి అమ్మిన తక్‌పట్టీలు, ఆయన ఖర్చంతా నేను భరిస్తానని నా ఉత్తరం, నా పే స్లిప్పులు, మా ఇద్దరి సంబంధం తెలిపే కాగితం. వీటన్నిటి పైన ఒక పేజీ ఉత్తరం రాశా, ఈయన రైతు, ఆదాయం ఇట్లా వస్తుంది, కోతకు ముందే తిరిగి రావాలి అని. ఆ ఒక్క పేజీని తేలిగ్గా తీసుకోకండి, తిరిగి రావడానికి తోట కంటే పెద్ద కారణం ఏముంటుంది?

ఒక జాగ్రత్త. మాకు ఇన్సూరెన్స్ చేయించిన ఏజెంటు తిరుగు ప్రయాణం రోజును తేదీల్లో కలపలేదు, సెంటర్‌లో కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్‌లో మళ్ళీ కొత్తది తీసుకోవాల్సి వచ్చింది. పాలసీ చేతికి రాగానే బయల్దేరే తేదీ, చేరే తేదీ మీరే ఒకసారి చూసుకోండి.

ఎప్పుడు, ఏ దారిన

సెప్టెంబర్ రెండో వారం నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా మంచి కాలం. ద్రాక్ష కోత నడుస్తుంటుంది, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, సెలవుల రద్దీ తగ్గి ఉంటుంది. రెండో మంచి కాలం మే నెల, జూన్ మొదటి సగం. జూలై, ఆగస్టు వద్దు. రూములు దొరకవు, దొరికినా రేట్లు మండుతాయి. ఇంకో కారణం కూడా ఉంది, ఎండాకాలంలో మంటల భయంతో కొండ దారులు మూసేస్తుంటారు. 2025 ఆగస్టులో నార్బోన్‌కు పడమరన కోర్బియేర్ కొండల్లో ఒకే అగ్గి దాదాపు 16,000 హెక్టార్ల మేర పాకింది. పచ్చటి ద్రాక్షతోట ఉంటే మంట అక్కడ ఆగుతుంది, గిట్టుబాటు లేక తోటలు పీకేసిన చోట ఎండుగడ్డి మిగిలి మంట ఉరుకుతుంది అని అక్కడి రైతులు బాధపడుతున్నారు.

పాలమూరు వాళ్ళకు శంషాబాద్ ఇంటి ముందున్నట్టే, 44వ నంబరు హైవే మీద నేరుగా వచ్చేస్తారు. మనం నల్లగొండ వైపు నుంచి ఔటర్ ఎక్కి రావాలి. అక్కడి నుంచి గల్ఫ్‌లో విమానం మారి పారిస్ పోవచ్చు, లేదా బార్సిలోనా పోవచ్చు. రెండోదాన్ని చాలామంది ఆలోచించరు. బార్సిలోనా స్పెయిన్‌లో ఉన్నా అక్కడి నుంచి పెర్పిన్యాన్‌కు ఫాస్ట్ రైలులో గంటన్నర లోపే. ఎక్కువ రోజులు ఫ్రాన్స్‌లో ఉంటున్నారు కాబట్టి వీసా ఫ్రాన్స్‌దే తీసుకోవాలి, దిగేది స్పెయిన్‌లో అయినా ఫర్వాలేదు. పారిస్‌లో దిగితే ఊళ్ళోకి పోకండి, చార్ల్స్ డి గాల్ ఎయిర్‌పోర్ట్ రెండో టెర్మినల్ కిందే ఫాస్ట్ రైలు స్టేషన్ ఉంది, అక్కడి నుంచి మోంపెలియేకు నేరుగా పోయే రైళ్ళున్నాయి. విమానం దిగే టైముకు, రైలు టైముకు మధ్య కనీసం మూడున్నర గంటలు వదలండి. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, లైన్ పొడవుగా ఉండొచ్చు. రైలు టికెట్లు ఫ్రాన్స్ రైల్వే వాళ్ళ ఎస్ఎన్‌సీఎఫ్ కనెక్ట్ యాప్‌లో ముందే కొంటే సగానికి సగం మిగులుతుంది. ఇది ఫాస్ట్ రైళ్ళ సంగతి. ఊరి నుంచి ఊరికి పోయే టీఈఆర్ రైళ్ళకు ముందే కొనే పని లేదు, స్టేషన్‌కు పోయి టికెట్ కొని ఎక్కడమే.

నార్బోన్‌లో మూడు రాత్రులు, కొలియూర్‌లో నాలుగు. నేను చెప్పే ఏర్పాటు ఇదే. రోజుకో హోటల్ మారితే పెద్దవాళ్ళు సూట్‌కేసుల తోనే అలిసిపోతారు.

నార్బోన్: ఓడరేవు లేని ఓడరేవు ఊరు

రోమన్లు క్రీస్తుపూర్వం 118లో కట్టిన ఊరు ఇది, ఇటలీ బయట గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) వాళ్ళ మొదటి పెద్ద స్థావరం. ఆర్చ్‌బిషప్ భవనం ముందు చౌక్‌లో నేలను కొంచెం లోతుకు తెరిచి పెట్టారు, దాంట్లో రెండు వేల ఏండ్ల కిందటి రోమన్ రోడ్డు, వియా దోమిసియా, రాళ్ళతో సహా కనబడుతుంది. టికెట్ లేదు. పిల్లలు ఆ రాళ్ళ మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటుంటారు. ఆ పక్కనే సెయింట్ జుస్త్ కెథెడ్రల్, 1272లో మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయిన గుడి. బలిపీఠం ఉండే భాగం ఒక్కటే లేచింది, లోపల కప్పు 40 మీటర్లకు పైన ఉంటుంది, తల పూర్తిగా వెనక్కి వంచాలి. ఇంకా ముందుకు కట్టాలంటే ఊరి కోటగోడ పడగొట్టాలి, దానికి ఊరు ఒప్పుకోలేదు.

ఒకప్పుడు ఇక్కడికి సముద్రపు ఓడలు వచ్చేవంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఓద్ నది మట్టి తెచ్చి పోసి పోసి, దారి మార్చుకుని, రేవును పూడ్చేసింది. ఊరి బయట 2021లో తెరిచిన నార్బో వియా మ్యూజియంలో ఆ రేవు కథ, రోమన్ సమాధి రాళ్ళ గోడ చూడొచ్చు, మూడు గంటలు పెట్టుకోండి. అక్కడ వైన్ మోసిన మట్టి కూజాలు చూసి నాకు సాగర్ గుర్తొచ్చింది. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, చేతిలో కొమ్ము పాత్ర, పక్కన కల్లుకుండ లాంటి పీపాతో సగం బట్టలతో నిలబడ్డ ఒక గడ్డపు మనిషి శిల్పం కూడా దొరికింది, అది గ్రీకుల వైన్ దేవుడు డయనైసస్ అని పరిశోధకులు అంటారు. కృష్ణ ఒడ్డున మనవాళ్ళకు ఈ సముద్రపు వ్యాపారం సంగతి అప్పుడే తెలుసు. ఫ్రాన్స్ పోయే ముందు ఒక ఆదివారం సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి పోండి, నార్బోన్‌లో మీకు కలిగే అనుభవమే వేరు.

ఈ ఊళ్ళో నాయినను బాగా కదిలించింది మాత్రం రోమన్లు కాదు, 1907. ఆ రోజుల్లో ఇక్కడ వైన్ ధర పూర్తిగా పడిపోయింది. పంట ఎక్కువ రావడం ఒకటి, అల్జీరియా నుంచి చవక వైన్ దిగడం ఒకటి, నీళ్ళలో చక్కెర కలిపి దొంగ వైన్ చేసే వ్యాపారులు ఒకటి. మార్చి 11న అర్జెలియే అనే చిన్న ఊరి నుంచి మార్సెలాఁ అల్బేర్ అనే కాఫీ హోటల్ నడుపుకునే చిన్న రైతు వెంట 87 మంది నార్బోన్‌కు నడిచి వచ్చారు. మూడు నెలల్లో, జూన్ 9న, మోంపెలియేలో జమ అయిన జనం 5 లక్షలకు పైనే. ఆ నెలలోనే నార్బోన్ వీధుల్లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. రైతుల బిడ్డలే ఎక్కువగా ఉన్న 17వ పటాలం తిరగబడి బెజియేకు నడిచింది. ఆ నెలాఖరుకు దొంగ వైన్ మీద చట్టం వచ్చింది. బల్ల మీద కాఫీ చల్లారిపోతుంటే నేను ఇదంతా ఫోన్‌లో చదివి చెప్పా. నాయిన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "బత్తాయి టన్ను ధర పడ్డప్పుడు మేం గిట్ల జమ కాలేదు కొడుకా" అన్నాడు.

సహకార సంఘాలు ఈ బాధలోంచే పుట్టాయి. బెజియే పక్కన మరోసాన్‌లో 1901లోనే రైతులు కలిసి వైన్ అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు దాదాపు ప్రతి ఊరి చివర ‘కావ్ కోపెరతివ్’ అని బోర్డు కనబడుతుంది. కొత్తగా పోయేవాళ్ళకు రుచి చూడటానికి ఇదే సులువైన చోటు, అపాయింట్‌మెంట్ లేకుండా లోపలికి పోవచ్చు, ధర తక్కువ, ఎవరూ మిమ్మల్ని పరీక్ష పెట్టినట్టు చూడరు.

నార్బోన్ నుంచి పగటి ప్రయాణాలు

సెట్‌కు తప్పకుండా పోండి. అగ్ద్ దాటాక రైలు ఇసుక కట్ట మీద పోతుంది, ఒకవైపు సముద్రం, ఇంకోవైపు థో అనే పెద్ద ఉప్పు సరస్సు. నార్బోన్ నుంచి పోయేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే సముద్రం, ఎడమవైపు అయితే ఆల్చిప్పలు పెంచే కట్టెల వరసలు. సెట్ 1666లో పుట్టిన ఊరు, పియేర్ పోల్ రికే తవ్వించిన 240 కిలోమీటర్ల మిది కాలువకు సముద్రం వైపు రేవుగా కట్టారు. కాలువ 1681లో పూర్తయింది. సాగర్ ఎడమ కాలువ గట్టు మీద పెరిగినవాళ్ళకు రికే చేసిన పని విలువ వెంటనే తెలుస్తుంది. కొండల్లో వాన నీళ్ళను చెరువులో ఆపి, ఆ నీళ్ళను ఎత్తైన చోటికి తెచ్చి, రెండు వైపులా వదిలాడు. బెజియేలో దిగితే పడవలు మెట్లు దిగినట్టు లాకులు దిగే ఫోన్సెరాన్ చూడొచ్చు. సెట్‌లో ఆగస్టు చివర సెయింట్ లూయీ పండుగకు కాలువలో పడవల మీద ఎత్తు బల్లలెక్కి తెల్లబట్టల మనుషులు బల్లేలతో ఒకరినొకరు నీళ్ళలోకి తోసే పోటీలు జరుగుతాయి, ఊరు పుట్టిన రోజు నుంచీ ఉన్న ఆట.

అగ్ద్‌లో రెండు గంటలు చాలు. గ్రీకులు వేసిన ఊరు, గుడి, ఇండ్లు అన్నీ నల్లటి అగ్నిపర్వతపు రాయితో కట్టారు.

ఎగ్‌మోర్త్ అనే కోట ఊరు కొంచెం దూరం, నీమ్‌లో రైలు మారాలి, పొద్దున్నే బయల్దేరితే తప్ప కాదు. అయినా పొమ్మంటా. తొమ్మిదో లూయీ రాజు ఏడో క్రుసేడ్ అనే మతయుద్ధానికి 1248లో ఇక్కడి నుంచే ఓడ ఎక్కాడు, 1270లో మళ్ళీ ఇక్కడి నుంచే పోయి తిరిగి రాలేదు. చుట్టూ ఒకటిన్నర కిలోమీటర్ల పైన కోటగోడ, పూర్తిగా నిలిచి ఉంది, దాని మీద నడవొచ్చు. కోన్‌స్తాన్స్ బురుజులో మరీ దురాఁ అనే ప్రొటెస్టెంట్ స్త్రీని 1730 నుంచి 1768 దాకా 38 ఏండ్లు బంధించారు. మతం మారతానని ఒక్క మాట చెప్తే వదిలేసేవాళ్ళు. అక్కడ రాతి మీద ‘ఎదిరించు’ అనే మాట చెక్కి ఉంది, ఆమె చెక్కిందే అంటారు. నా భార్య ఆ రాయి దగ్గర నుంచి కదలలేదు.

గోడ మీద నుంచి చూస్తే గులాబీ రంగు ఉప్పు మడులు, వాటి పక్కన ఇసుకలో ద్రాక్షతోటలు. ఆ ఇసుకకు ఒక కథ ఉంది. 1860ల్లో అమెరికా నుంచి తెచ్చిన తీగలతో ఫిలోక్సెరా అనే వేరు పేను ఫ్రాన్స్‌లో దిగింది, తోటలకు తోటలు ఎండిపోయాయి, కారణం ఎవరికీ తెలియలేదు. మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయన తోటివాళ్ళు 1868లో వేర్లు తవ్వి చూసి పేనును పట్టుకున్నారు. ఆ పేను ఇసుకలో బతకలేదు, అందుకే ఇక్కడి తీగలు నిలిచాయి. మిగతా చోట్ల దాన్ని తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రాన్స్ తీగను అంటు కట్టారు. ఈ రోజుకూ ఫ్రాన్స్‌లో దాదాపు ప్రతి ద్రాక్ష తీగ కింద ఉన్నది అమెరికా వేరే. నాయినకు ఇది వివరించాల్సిన పనే పడలేదు. "మన బత్తాయికి రంగపూర్ నిమ్మ వేరు పెట్టినట్టు" అన్నాడు, అంతే.

కొలియూర్, బాన్యుల్స్

ఇక్కడ నాలుగు రాత్రులు ఎందుకన్నానంటే, ఈ రెండు ఊళ్ళ మధ్య కొండలే ఈ ప్రయాణం మొత్తానికీ గుండెకాయ. పెర్పిన్యాన్ నుంచి కొలియూర్ రైలులో అరగంట లోపే. 1659 ఒప్పందం దాకా ఇదంతా స్పెయిన్ రాజుల చేతిలో ఉండేది, ఇప్పటికీ వీధి బోర్డుల మీద కతలాన్ భాష కనబడుతుంది. రేవు అంచున రాజకోట, ఇంకో అంచున నీళ్ళలోకి చొచ్చుకుపోయిన గుడి. గుడి గంటగోపురం ఒకప్పుడు దీపస్తంభం. 1905 ఎండాకాలంలో మాతీస్, దెరేన్ అనే ఇద్దరు చిత్రకారులు ఇక్కడ కూర్చుని ఎర్ర చెట్లు, నారింజ రంగు కొండలు గీశారు, చూసినవాళ్ళు వాళ్ళను అడవి మృగాలన్నారు, ఆ మాట మీదే ఫావిజం అని పేరొచ్చింది. వాళ్ళు నిలబడి గీసిన చోట్లలోనే ఆ బొమ్మల నకళ్ళు పెట్టారు, వాటి వెంట నడిస్తే ఊరంతా చూసినట్టే. పొద్దున ఎనిమిదికి ముందు నడవండి, పది తర్వాత సందుల్లో జనం నిండుతారు.

ఊరి శ్మశానంలో స్పెయిన్ కవి ఆంతోనియో మచాదో సమాధి ఉంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో సైన్యం నుంచి తప్పించుకుని ముసలి తల్లితో సరిహద్దు దాటి వచ్చి 1939 ఫిబ్రవరి 22న ఇక్కడే చనిపోయాడు, మూడు రోజులకు తల్లి కూడా. ఇప్పటికీ జనం ఆయనకు ఉత్తరాలు రాసి వేస్తుంటారు, దానికి సమాధి దగ్గర ఒక పెట్టె ఉంది.

బాన్యుల్స్ తోటలు చూడటానికి ఒక పూర్తి రోజు పెట్టండి. కొండ వాలు మీద, సముద్రంలోకి జారిపోతుందేమో అన్నట్టు, మెట్లు మెట్లుగా ద్రాక్ష. నేలంతా పలకలు పలకలుగా ఊడొచ్చే రాయి, మట్టి అనేది వెతకాలి. ఆ పలకలనే పేర్చి, సున్నం లేకుండా, గట్లు కట్టారు. ట్రాక్టర్ ఎక్కదు, అంతా చేత్తోనే. పందిళ్ళు లేవు, తీగ మోకాలెత్తు పొదలా ఉంటుంది, గాలికి విరగకుండా. గ్రెనాష్ అనే ద్రాక్ష రకం ఎక్కువ. వాలు మీద వాన నీళ్ళు గట్లు తెంపకుండా కోడికాలు ఆకారంలో కాలువలు పేర్చి ఉంటాయి, అక్కడివాళ్ళు వాటి పేరే ‘కోడికాలు’ అంటారు, మూడు వేళ్ళలా పక్కల నుంచి వచ్చి మధ్య కాలువలో కలుస్తాయి. వంగి వంగి వాటినే చూస్తున్న నాయిన దగ్గరికి ఆ తోట ఆమె వచ్చింది. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు, వాన ఎంత, కూలీలు దొరుకుతున్నారా, పిల్లలు చేస్తారా. ఇక్కడ 2022 నుంచి వరుసగా రెండు మూడేళ్ళు వానలు ముఖం చాటేశాయి. బోర్లు ఎండిపోయిన ఏండ్ల గురించి నాయిన చెప్తుంటే ఆమె తలూపుతూనే ఉంది.

ఇక్కడి తీపి వైన్ చేసే పద్ధతి ఇట్లా ఉంటుంది. రసం పులుస్తుండగా, ఇంకా తీపి మిగిలి ఉండగానే, దాంట్లో ద్రాక్ష నుంచి తీసిన ఘాటు సారా పోస్తారు, పులియడం ఆగిపోతుంది, పండు తీపి అట్లనే నిలుస్తుంది. 13వ శతాబ్దపు మోంపెలియే వైద్యుడు ఆర్నో ద విల్నవ్ కనిపెట్టిన పద్ధతిగా చెప్తారు. తర్వాత కొన్నిటిని పీపాల్లో, పెద్ద గాజు బుడ్డీల్లో ఆరుబయట ఎండకు, గాలికి ఏండ్ల తరబడి వదిలేస్తారు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి మారిపోయే ఊరి నుంచి పోయిన మనకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది. మన గౌడన్న పులుపుతో పోటీపడి పరిగెత్తుతాడు, వీళ్ళు దాన్ని మధ్యలో పట్టి ఆపేస్తారు.

గాలి సంగతి మర్చిపోకండి. త్రామోంతాన్ అని వాయవ్యం నుంచి పొడిగా, ఈడ్చి కొడుతుంది, రెండు మూడు రోజులు ఆగదు. ఎండ ఉన్నా పల్చటి విండ్‌చీటర్ ఉండాలి. ఆకుల తడి ఆరిపోయి తోటకు బూజు తెగుళ్ళు తక్కువ వస్తాయి కాబట్టి రైతులకు మాత్రం అది చుట్టమే.

తోటకు, రుచికి పోయినప్పుడు

చిన్న రైతు దగ్గరికి పోవాలంటే రెండు మూడు రోజుల ముందు మెయిల్ రాయండి, ఎంతమంది, ఏ టైముకు, ఇంగ్లీషులోనే అని. కోత రోజుల్లో వాళ్ళు బిజీగా ఉంటారు, ‘కుదరదు’ అంటే బాధపడకండి. లోపలికి అడుగు పెట్టగానే ముందు "బోన్‌జూర్" అనాలి. దుకాణంలోనైనా, బస్సులోనైనా ఇదే. ఆ మాట లేకుండా నేరుగా పని అడిగితే వాళ్ళు మొహం ముడుచుకుంటారు, మనం రామ్‌రామ్, నమస్తే లేకుండా ఇంట్లోకి చొరబడ్డట్టు. అడగకుండా తోటలో దిగొద్దు, గుత్తి తెంపొద్దు.

గ్లాసులో కొద్దిగా పోస్తారు. వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మేయొచ్చు, అది తప్పు కాదు, పద్ధతే అది. రోజుకు రెండు చోట్లు చాలు. తాగని వాళ్ళు కూడా ధైర్యంగా పోవచ్చు, ‘జ్యూ ద రెజాఁ’ అంటే ద్రాక్షరసం అడగండి, చాలా చోట్ల ఉంటుంది. నా భార్య ఒక్క చుక్క ముట్టలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. కొనాలనే నియమం లేదు, కానీ చిన్న రైతు గంటసేపు తిప్పి చూపిస్తే ఒక సీసా అయినా తీసుకోండి. కారు తీసుకుంటే నడిపే మనిషి రుచి చూడకపోవడమే మంచిది, అక్కడ హద్దు రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు, పోలీసులు నిజంగానే ఆపుతారు.

తిండి, మూట

మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు. అంటే నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ తొక్కు, మటన్ తొక్కు ఇంట్లోనే వదలాలి. బత్తాయిలు కూడా. అక్కడి రైతుకు తన తోట కాయ ఇవ్వాలని నాయిన ఒక డజను ఏరి పెట్టుకున్నాడు, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా కుదరదని నేను చెప్పి తీయించా. నా భార్య ఊరుకోబెట్టింది, "మామయ్యా, ఫొటోలు తీసుకుపోదాం" అని. ఆ ఫొటోలే తోటలో పనికొచ్చాయి. మామిడి తొక్కు, పల్లీల పొడి, సకినాలు తీసుకుపోవచ్చు, చెక్ ఇన్ సామానులో గట్టిగా కట్టి పెట్టండి.

అక్కడ మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి రెండు లోపే. రెండున్నరకు పోతే వంట గది మూసేస్తారు. రాత్రి ఏడున్నరకు ముందు దొరకదు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలా దుకాణాలు బంద్, శనివారమే పండ్లు, రొట్టె, పెరుగు తెచ్చి పెట్టుకోండి. శనివారం ఒక్కపొద్దు ఉండే నాయినకు కొలియూర్‌లో ఎస్కలివాద అనే వంటకం దొరికింది, నిప్పుల మీద కాల్చిన వంకాయ, మిరప, ఉల్లిగడ్డ మీద ఆలివ్ నూనె. కాల్చిన వంకాయ పచ్చడి తిన్న నోటికి అది పరాయిది కాదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "సాఁ వియాంద్, సాఁ ప్వాసోఁ" అనండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. ఒట్టి ‘వెజిటేరియన్’ అంటే కొన్ని చోట్ల ఆంకోవీ అనే ఉప్పు చేప ముక్క పైన వేసి తెస్తారు, కొలియూర్ ఆ చేపకే పేరుపడ్డ ఊరు. తినేవాళ్ళు మాత్రం దాన్ని వదలకండి.

నీళ్ళ సీసా కొనకండి. "కారాఫ్ దో" అంటే జగ్గుతో కుళాయి నీళ్ళు ఉచితంగా ఇస్తారు. ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళో పెరిగిన మనిషి కదా, కుళాయి నీళ్ళు భయం లేకుండా తాగొచ్చంటే నాయిన మొదటి రోజు నమ్మలేదు, రెండో రోజు నుంచి ప్రతి ఊళ్ళో కుళాయి కనబడితే ఆగి ఒక గుక్క తాగి చూసేవాడు.

తిరిగొచ్చేటప్పుడు ఒక్కో పెద్ద మనిషికి రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తేవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చేతి సంచిలో పెట్టనివ్వరు, ప్యాంటులో చుట్టి పెద్ద సూట్‌కేసు మధ్యలో పెట్టండి. ఒకటే తెచ్చుకుంటే ఎండలో ముదిరిన బాన్యుల్స్ తీపి వైన్ తెచ్చుకోండి. మామూలు వైన్ మూత తీస్తే రెండు మూడు రోజుల్లో పాడవుతుంది, ఇది గాలికి అలవాటు పడ్డది, ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి ఉంటుంది. మా సీసా దసరాకు తీశాం, సంక్రాంతికి అక్క వాళ్ళు వచ్చినప్పుడు కూడా ఇంకా కొంచెం మిగిలే ఉంది.